కాపాడాలా, మార్చాలా? పాత తేలిక స్పోర్ట్స్ కారు మీద తెగని వాదన

1958 మే నెలలో మొనాకోలో జనం ముందుకు వచ్చిన ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌కు బయట తలుపు పిడులు లేవు, వెనక డిక్కీ మూత లేదు. 948 సీసీ ఇంజను, 43 హార్స్‌పవర్ శక్తి, ఏడు వందల కిలోలకు లోపు బరువు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. బోనెట్ మీద గుడ్లు మిటకరించి చూసే దీపాల వల్ల ఫ్రాగ్‌ఐ అన్న ముద్దుపేరు దానికి స్థిరపడిపోయింది. ఇవాళ ఇంగ్లండులో ఎవరైనా అలాంటి బండిని ఇంటి షెడ్డులో విప్పి పరిస్తే ఒక ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. ఆ డ్రమ్ములనే బాగుచేసి బిగించాలా, లేక 1962 చివర నుంచి అదే వంశంలోని కార్లకు ఫ్యాక్టరీయే ఇచ్చిన ముందు డిస్కులు పెట్టాలా? రెండో పని చేస్తే బండి బాగా ఆగుతుంది. మొదటి పని చేస్తే 1958లో ఎలా ఉందో అలా ఉంటుంది. చూడటానికి చిన్న ఎంపికే. అయితే దీని చుట్టూ అంతర్జాతీయ ప్రకటనలు, ప్రభుత్వ నిబంధనలు, కోర్టు తీర్పులు, బోలెడంత కోపతాపాలు పేరుకున్నాయి. ఎవరు దేని గురించి వాదిస్తున్నారో విడదీసి చూడవలసిన స్థితి వచ్చింది.

షెడ్డుల్లో పుట్టిన జాతి

ఈ వాదనలో తరచూ మరుగున పడే విషయం చరిత్ర. తేలిక స్పోర్ట్స్ కారు అన్న జాతే ఇళ్ళలో జరిగిన మార్పుల నుంచి పుట్టింది. 1939లో ఏర్పడిన 750 మోటార్ క్లబ్ సభ్యులు చవకైన ఆస్టిన్ సెవెన్ కార్లను కొని, పై రేకులు ఊడదీసి, పందేలకు పనికొచ్చే బుల్లి బండ్లుగా మార్చుకునేవారు. 1948లో కాలిన్ చాప్‌మన్ కట్టిన మొట్టమొదటి లోటస్ కూడా పాత ఆస్టిన్ సెవెన్‌కు కొత్త ఒళ్ళు తొడిగినదే. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడి భాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకోవచ్చు. అలా కొంటే అప్పటి బ్రిటన్‌లో కొనుగోలు పన్ను ఉండేది కాదు. 1973 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది.

పెద్ద కంపెనీల కార్లూ ఈ దారిలోనే వచ్చాయి. స్ప్రైట్ ఇంజనూ ముందు సస్పెన్షనూ ఆస్టిన్ ఎ35 అనే కుటుంబపు కారువి, స్టీరింగ్ ర్యాక్ మోరిస్ మైనర్‌ది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అయితే హెరాల్డ్ సెలూన్ షాసీని కురచ చేసి కట్టినది. మామూలు కార్ల భాగాలతో కట్టారు కాబట్టి ఏ వీధి మెకానిక్ అయినా విప్పగలడు, మరో కారు భాగాన్ని తెచ్చి బిగించగలడు. కొన్నవాళ్ళు చేసిందీ అదే. జాన్ స్ప్రింజెల్, గ్రాహమ్ హిల్ వంటివారు కలిసి నడిపిన స్పీడ్‌వెల్ సంస్థ స్ప్రైట్లకు వేగం పెంచే సామగ్రి అమ్మింది. 1964 నుంచి ఏబింగ్డన్ ఫ్యాక్టరీలోనే, స్ప్రైట్‌ను తయారుచేసే బీఎంసీ కంపెనీ వారి స్పెషల్ ట్యూనింగ్ విభాగం ఉండేది. కంపెనీ ఒక చేత్తో కారు అమ్మి, రెండో చేత్తో దాన్ని మార్చుకునే సామాను అమ్మింది. అందుకని ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్నదే ఈ కారు నిజరూపం అనే వాదన మొదటి అడుగులోనే కాస్త తడబడుతుంది.

రెండో మలుపు తుప్పు తెచ్చింది. ఎంజీబీ వంటి కార్లకు విడిగా షాసీ ఉండదు. తలుపుల కింద నిలువునా సాగే సిల్లులు, వాటి లోపలి పెట్టె అరలే బండి నడుము. అతుకుల మధ్య చేరిన నీరు బయటికి పోయే దారి లేక లోపలినుంచి తినేస్తుంది. బయట రంగు నిగనిగలాడుతుంటే లోపల రేకు అప్పడంలా విరుగుతుంది. సిల్లు కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కమ్మీలు వెల్డు చేసి నిలపకపోతే ఒళ్ళు కుంగి, తలుపు ఇక ఎన్నటికీ సరిగా పడదు. ఈ పని ఇంట్లో చేసేవారి సంఖ్య పెరిగేసరికి భాగాల తయారీ కూడా పరిశ్రమ అయింది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను వెతికి తెచ్చి, ఎంజీబీ మొత్తం ఒంటిని కొత్తగా ఒత్తి అమ్మడం మొదలుపెట్టింది. అప్పటినుంచీ పాత కారు బాగుచేయడం అంటే ఏమిటన్నది కొత్తగా ఆలోచించుకోవలసి వచ్చింది.

మూడు వాదాలు, వాటి బలం

ఒక పక్షం సంరక్షణవాదులది. వారి దృష్టిలో కారు ఒక చారిత్రక పత్రం. వెలిసిన రంగు, అరిగిన సీటు తోలు, ఎప్పుడో ఎవరో వేసిన మాటు, అన్నీ సాక్ష్యాలే. 1966లో పుట్టిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా, కట్టడాల పరిరక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ ప్రకటన బాటలో 2012లో టురిన్ ప్రకటనను ఆమోదించింది. జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలనీ, చేసిన మార్పు వెనక్కి తీయగలిగేదై ఉండాలనీ, తీసిన అసలు భాగాలను బండితోపాటే భద్రపరచాలనీ, ప్రతిదీ రాసి పెట్టాలనీ దాని సారాంశం. ఫిలడెల్ఫియాలో మ్యూజియం నెలకొల్పిన ఫ్రెడ్ సిమియోన్ అమెరికాలో ఈ వాదానికి పెద్ద గొంతుగా నిలిచాడు. 2024లో పెబుల్ బీచ్ ప్రదర్శనలో మొదటిసారిగా, మెరుగులు దిద్దని సంరక్షణ తరగతి కారుకు, 1934 నాటి బుగాటీ టైప్ 59కి, అత్యున్నత బహుమతి దక్కడంతో ఈ పక్షం నిజంగానే బలపడింది.

రెండో పక్షానికి కావలసింది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు. ప్రతి బోల్టు తలమీది గుర్తు, గొట్టాలకు వాడిన బిగింపు, రంగు పేరు, అన్నీ పుస్తకంలో ఉన్నట్టుండాలి. వీరి కృషి వల్లే ఎన్నో భాగాలు మళ్ళీ దొరుకుతున్నాయి, ఏ ఏడాది ఏది వాడారో నమోదైంది. ఆ ఋణం కాదనలేనిది. చిక్కల్లా వీరు పూజించే ఫ్యాక్టరీ అంత నిష్ఠగా ఉండేది కాదు. చేతికి అందిన సామాను బిగించి పంపిన రోజులు దానికీ ఉన్నాయి. ఈ పద్ధతిలో బాగుచేసిన కారు అప్పట్లో ఏ కొనుగోలుదారూ చూడనంత నున్నగా తయారవుతుంది.

మార్పు కోరే మూడో పక్షం నిజానికి ఇద్దరిది, వాళ్ళను ఒకే గాటన కట్టడమే గందరగోళానికి సగం కారణం. ఆ కాలంలో దొరికిన సామగ్రితో, ఆ కాలపు పద్ధతిలో మార్చేవారు ఒకరు. ఫ్రాగ్‌ఐలో దాని సొంత ఇంజను వంశమైన ఎ-సిరీస్‌లోని 1275 సీసీ ఇంజను పెట్టేవారు ఈ కోవలోకి వస్తారు. పాత ఒంట్లో నేటి కారును దాచేవారు మరొకరు. 2012లో ఫ్రంట్‌లైన్ సంస్థ హెరిటేజ్ ఒంట్లో మాజ్దా ఇంజను, ఆరు గేర్ల పెట్టె పెట్టి అమ్మిన ఎంజీబీ రూపం ఈ రెండో రకానికి ఉదాహరణ. మొదటివారు ఆనాటి సంప్రదాయాన్ని కొనసాగిస్తున్నారు. రెండోవారు దాదాపు కొత్త కారునే కడుతున్నారు. అందులో తప్పు పట్టవలసింది లేదు, కానీ దాన్ని పునరుద్ధరణ అనలేం.

కారు ఎక్కడుంది?

రాజు మిలిందుణ్ణి బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడిగిన ప్రశ్న మనకు కొత్త కాదు. రథమంటే చక్రాలా, ఇరుసా, కాడా? బ్రిటిష్ న్యాయస్థానం 1990లో అచ్చంగా ఈ ప్రశ్నకే జవాబు చెప్పవలసి వచ్చింది. 1929లోనూ 1930లోనూ లెమాన్స్ పందెం గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీని పెద్ద మొత్తానికి అమ్మబోతే, కొనేవారు ఇందులో ఆనాటి భాగాలు ఏమున్నాయని అభ్యంతరం చెప్పారు. భాగాలు మారుతూ వచ్చినా కారు ఉనికి ఎక్కడా తెగలేదు కనుక ఇది ఆ కారేనని న్యాయమూర్తి ఆటన్ తీర్పిచ్చాడు. అంటే ఉనికి లోహంలో కన్నా తెగని చరిత్రలో ఉందని కోర్టు భావించింది.

వాహనాల శాఖ లెక్క ఇంకో రకం. బ్రిటన్‌లో డీవీఎల్‌ఏ చాలాకాలం పాయింట్ల పద్ధతి నడిపింది. షాసీకి లేదా ఏకశరీరానికి 5, సస్పెన్షన్, ఇరుసులు, గేర్‌బాక్సు, స్టీరింగ్ ఒక్కోదానికి 2, ఇంజనుకు 1. మొత్తం 8 పాయింట్లు నిలిస్తేనే పాత నంబరు ఉండేది. షాసీ అసలుదో, అదే నమూనాలో కొత్తదో అయి ఉండవలసి వచ్చేది. లోటస్ ఎలాన్ దగ్గర ఈ లెక్క ఎంత ఇరుకున పడేదో చూడండి. ఎలాన్‌కు మధ్యలో రేకు మడిచి చేసిన వెన్నెముక షాసీ ఒకటి, పైన ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు. షాసీ ముందు అడ్డుపట్టీనే దీపాలు లేపే వాక్యూమ్‌కు తొట్టిగా వాడారు. సస్పెన్షన్ స్తంభాల నీటి దారులు మూసుకుపోతే అక్కడే తుప్పు. అందుకే లోటస్ తానే జింకు పూత వేసిన కొత్త షాసీలు అమ్మింది. ఎలాన్‌లో షాసీ అరిగితే మార్చుకునే భాగమైంది, కారు ముఖమంతా ఒంట్లోనే మిగిలింది. అయినా లెక్కలో అయిదు పాయింట్లు షాసీకే.

2018 మే 20 నుంచి నలభై ఏళ్ళు దాటిన కార్లకు రోడ్డు మీద నడవడానికి పనికొస్తుందో లేదో చూసే, ఏటేటా తప్పని ఎంఓటీ పరీక్ష తీసేశారు, గత ముప్పై ఏళ్ళలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదన్న షరతుతో. 2025 ఆగస్టు 26 నుంచి డీవీఎల్‌ఏ ఇంకా సడలించింది. ఉన్నది ఉన్నట్టు బాగుచేస్తే తెలియజేయనక్కరలేదు. ఒంటి నిర్మాణాన్ని మార్చినా, విద్యుత్తుకు మళ్ళించినా తెలియజేస్తే చాలు, చాలా సందర్భాల్లో పాత గుర్తింపే నిలుస్తుంది. ఫీవా మాత్రం 2019లోనే విద్యుత్తుకు మార్చిన బండిని చారిత్రక వాహనంగా ఒప్పుకోబోమని చెప్పింది. ఒకే కారు ప్రభుత్వానికి పాతది, సమాఖ్యకు కాదు.

బరువు చెప్పే తీర్పు

ఈ మూడు పక్షాలూ అడుగుతున్నది భాగాల గురించి. నా అభిప్రాయంలో ఈ జాతి కార్ల విషయంలో అడగవలసింది పొందిక గురించి. తేలిక స్పోర్ట్స్ కారుకు గొప్ప శక్తి లేదు, అరుదైన లోహం లేదు, చేతిపనితనం కూడా అంతంతే. దానికున్న ఆస్తి ఒక్కటే: తక్కువ బరువుకూ, కొద్దిపాటి శక్తికూ, సన్నని టైర్ల పట్టుకూ మధ్య కుదిరిన తూకం. ఆ తూకాన్ని నిలిపే మార్పు కారును కాపాడుతుంది. చెడగొట్టేది ఫ్యాక్టరీ నుంచి వచ్చినదైనా కారుకు హాని చేస్తుంది.

ఇందుకు తిరుగులేని సాక్ష్యం ఎంజీబీ వంశంలోనే ఉంది. 1967లో కంపెనీ అదే ఒంట్లో 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇనుప ఇంజను దించి ఎంజీసీ అని అమ్మింది. ముక్కు బరువెక్కింది, మలుపుల్లో ముందు చక్రాలు బయటికి జారసాగాయి, పత్రికలు పెదవి విరిచాయి. 1969లోనే కథ ముగిసింది. మరోపక్క కెంట్‌కు చెందిన కెన్ కాస్టెలో అనే మెకానిక్ అదే ఎంజీబీలో రోవర్ వారి 3528 సీసీ వీ8 పెట్టాడు. సిలిండర్లు రెట్టింపైనా అది అల్యూమినియం ఇంజను, తీసేసిన నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజనుకు బరువులో ఇంచుమించు సాటి. ముక్కు బరువు పెద్దగా మారలేదు. కంపెనీ చూసి, తానూ 1973లో ఎంజీబీ జీటీ వీ8 తెచ్చింది. 1976 వరకు 2,591 కార్లు చేసింది. ఫ్యాక్టరీ చేసిన మార్పు తూకాన్ని పాడుచేసింది, బయటివాడు చేసిన మార్పు నిలిపింది. అసలుతనాన్ని ఫ్యాక్టరీ ముద్రతో కొలిచేవారికి ఈ జంట కథలు మింగుడు పడవు. 1974 చివర్లో అమెరికా బంపరు నిబంధనల కోసం ఎంజీబీకి నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, ఒంటిని పైకి లేపి, ముందు యాంటీరోల్ బారు కొంతకాలం తీసేసిన రూపం కూడా ఫ్యాక్టరీ అసలుదే. దాన్ని కిందికి దించి, క్రోము బంపర్లు పెట్టుకునేవారు చరిత్రకు ద్రోహం చేస్తున్నారనడం కష్టం.

ఇదే కొలతతో మిగతావీ చూడవచ్చు. తొలి స్పిట్‌ఫైర్ల వెనక సస్పెన్షన్‌లో మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే చక్రం లోపలికి ముడుచుకునే గుణం ఉంది. 1970లో మార్క్ 4కు ఇచ్చిన స్వింగ్ స్ప్రింగును పాతవాటికి బిగిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. ముందు మందమైన యాంటీరోల్ బారు కూడా జతచేయాలి. బరువు మారదు, భాగం వంశంలోనిదే, బోల్టులతో పోతుంది. దీన్ని వద్దనడానికి కారణం కనబడదు. ఫ్రాగ్‌ఐ డిస్కులూ అంతే. ఫోర్డ్ టైప్ 9 అయిదు గేర్ల పెట్టెను ఎంజీబీకో, స్ప్రైట్‌కు కవల అయిన ఎంజీ మిడ్జెట్‌కో పెట్టడం సరిహద్దు మీద ఉంది. హైవే మీద ఇంజను మొర తగ్గుతుంది, తూకం చెడదు, కానీ కొన్ని కిట్లకు మధ్య సొరంగం రేకు కోయాలి. ఇక్కడ బరువుతోపాటు రెండో పరీక్ష వస్తుంది. బోల్టుతో వచ్చింది బోల్టుతో పోతుంది, కోసిన రేకు తిరిగి రాదు. కోయకుండా పట్టే కిట్టు దొరికితే అదే తీసుకోవాలి. వెడల్పు టైర్ల కోసం మడ్‌గార్డులు కోసి ఉబ్బించడం రెండు పరీక్షల్లోనూ తప్పుతుంది. పట్టు అంత పెరిగితే సన్న టైరు మీద నెమ్మదిగా జారుతూ తిరిగే ఆనందమే పోతుంది, ఆ కారుకున్నదే అది.

విద్యుత్తు విషయం ఇంతకన్నా జటిలం. బ్యాటరీ ప్యాకు కిలోకు 150 వాట్ అవర్లు నిలవ చేస్తుందనుకుంటే 30 కిలోవాట్ అవర్లకు 200 కిలోలు కావాలి. ఏడు వందల కిలోల కారులో ఇది చిన్న సంగతి కాదు. ఇంజను, గేర్‌బాక్సు, ట్యాంకు, పొగ గొట్టం తీసేస్తే చాలా బరువు తగ్గుతుంది కాబట్టి చిన్న ప్యాకుతో, తక్కువ దూరంతో సరిపెట్టుకునేవారికి లెక్క సరిపోవచ్చు. దూరం మీద ఆశ పెరిగినకొద్దీ కారు ఎంజీసీ దారి పడుతుంది. శబ్దం, వాసన, చేతికి తగిలే గేరు కదలిక పోతాయన్నది వేరే నష్టం. దాన్ని కిలోల్లో కొలవలేం.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఈ కొలత అందరికీ అన్ని తలుపులూ తెరుస్తుందని, తూకం అన్న సాకుతో ఏదైనా చేసేస్తారని మొదటి అభ్యంతరం. విప్పగలగడం, రాసి పెట్టడం, తీసిన భాగాన్ని దాచడం అన్న టురిన్ షరతులు కలిపితే ఆ భయం చాలావరకు తీరుతుంది. చెప్పాలంటే ఆ ప్రకటనకు ఇంటి మెకానిక్కులు ఇచ్చినంత విలువ కూడా కొందరు పెద్ద షోరూముల వాళ్ళు ఇవ్వరు.

రెండోది గట్టి అభ్యంతరం. నిన్నటి చవక కారు రేపటి అరుదైన కారు అవుతుంది. అయిదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీల్లో ఎవరూ చేయిపెట్టనివి నానాటికీ తగ్గిపోతున్నాయి. నలభై తొమ్మిది వేలకు చేరువగా తయారైన ఫ్రాగ్‌ఐలలో ఆ సంఖ్య ఇంకా తక్కువ. ఈ మాటకు ఎదురు చెప్పలేం. అందుకే ఎవరూ ముట్టని కారు చేతికొస్తే దానికి తూకం సూత్రం వర్తించదు. అక్కడ సంరక్షణవాదులదే పైచేయి. ఇప్పటికే సిల్లులు పోయి, మూడుసార్లు రంగు మారి, పెట్టెల్లో భాగాలుగా చేరిన బండిని మాత్రం పత్రంగా చూడటంలో అర్థం లేదు. దాని మీద చదవడానికి మిగిలింది తుప్పు మాత్రమే.

ఇంటి పని ప్రమాదకరమన్నది మూడో అభ్యంతరం. వెల్డింగ్ పైకి నున్నగా ఉండి లోపల పట్టకపోవచ్చు, బ్రేకు గొట్టం కొస సరిగా విచ్చకపోవచ్చు. నిజమే. అందుకు విరుగుడు మార్పును నిషేధించడం కాదు, పరీక్షించడం. ఎంఓటీ నుంచి మినహాయింపు ఉన్నవారు కూడా దాన్ని స్వచ్ఛందంగా చేయించుకోవచ్చు. తక్కువ వాడే పాత కారుకు మినహాయింపు న్యాయమే కావచ్చు గానీ, ఒళ్ళంతా కొత్తగా అతికిన కారుకు ఆ మినహాయింపు వాడుకోవడం తెలివి అనిపించుకోదు.

తమకు తెలియకుండానే అందరూ ఒప్పుకున్న మార్పు ఒకటుంది. 2000 సంవత్సరం నుంచి బ్రిటన్‌లో సీసం పెట్రోలు సాధారణ అమ్మకం ఆగింది. సీసం పూత లేక పాత ఇనుప హెడ్డుల్లో వాల్వు సీట్లు అరిగిపోతాయని గట్టి సీట్లు దిగ్గొట్టించారు. 2021 సెప్టెంబరులో పది శాతం ఇథనాల్ పెట్రోలు మామూలైంది, రబ్బరు గొట్టాలు మార్చక తప్పలేదు. ఎంతటి ఛాందసుడైనా వీటి గురించి మారు మాట్లాడలేదు. ఇంధనం మారితే ఇంజను మారవచ్చునని ఒప్పుకున్నవారు, రోడ్డు మీది వేగం మారితే బ్రేకు మారవచ్చునని ఎందుకు ఒప్పుకోరో అర్థం కాదు.

మన రోడ్ల మీద

తెలుగు నేలమీద స్పిట్‌ఫైర్లు వేళ్ళమీద లెక్కపెట్టాలి గానీ, దాని దాయాది మనవాళ్ళకు బాగా ఎరుకే. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ షాసీ, స్పిట్‌ఫైర్ షాసీ ఒకే ఇంటివి. ముందుకు మొత్తంగా లేచే బోనెట్, వెనక అదే ఊగే ఇరుసు. అందువల్ల హెరాల్డ్‌ను బాగుచేసే ఇక్కడివారికి ఇంగ్లండు చర్చ పరాయిది కాదు. చట్టం మాత్రం వేరు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, షాసీ గానీ ఒళ్ళు గానీ ఇంజను గానీ గణనీయంగా మార్చని వాహనమే వింటేజి. రూ.20,000 రుసుముతో ‘వీఏ’ వరుస నంబరు ఇస్తారు, రోజువారీ వాడకానికి వీలులేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుందని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే ఇక్కడ చట్టం పూర్తిగా ఫ్యాక్టరీ రోజు పక్షానే ఉంది. భద్రత కోసం చేసిన చిన్న మార్పుకూ, వీ8 దించడానికీ మధ్య తేడాను అది సరిగా చూడదు. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు దేశమంతా వచ్చేసిన ఈ రోజుల్లో పాత రబ్బరు, పాత కార్బురేటరు అలాగే ఉంచితే బండి నడవడమే కష్టం.

ఇంకా తేలనివి

పై వాదనలన్నీ రేకు, ఇనుము, రబ్బరు కాలానివి. ఇప్పుడు షెడ్డుల్లోకి వస్తున్నది 1989లో ఎలాన్ స్ఫూర్తితో పుట్టిన మాజ్దా ఎంఎక్స్-5. దాని తొలితరం ముప్పై ఏళ్ళు దాటుతోంది, ఫీవా నిర్వచనంలోకి వచ్చేస్తోంది. మాజ్దా 2017లో ప్రకటించి జపాన్‌లో తానే వాటిని పునరుద్ధరించడం మొదలుపెట్టింది. ఆనాటి టైర్లు, చెక్క స్టీరింగు కూడా మళ్ళీ చేయించింది. తయారీదారే పునరుద్ధరణకు ప్రమాణం నిర్ణయిస్తే ఇంటి మెకానిక్ మాటకు ఎంత బరువుంటుందన్నది ఒక ప్రశ్న. ఇంజను కంప్యూటరు ఇంకో ప్రశ్న. కార్బురేటరును వంటింటి బల్లమీద విప్పవచ్చు. ముప్పై అయిదేళ్ళ కంట్రోల్ యూనిట్ లోపల కెపాసిటర్లు కారిపోతే, బయట దొరికే ప్రోగ్రామింగ్ యూనిట్ పెట్టుకోవడమే చాలామందికి దిక్కు. అది కనబడదు, బరువు లేదు, బోల్టుతో పోతుంది, మన పరీక్షలన్నీ నెగ్గుతుంది. అయినా ఇంజను ఎప్పుడు నిప్పు రాజేయాలో, ఎంత పెట్రోలు తాగాలో, అంటే కారు స్వభావమంతా, దానితోనే మారిపోతుంది. కిలోలతో కొలిచే ఈ కొలబద్ద దాని దగ్గర పనికిరాదు, టురిన్ ప్రకటన నాటి షరతులు కూడా దాన్ని ఊహించి రాసినవి కావు.